ఇన్సులిన్ పంపు

ఇన్సులిన్ పంపు అనేది మధుమేహ వ్యాధిగ్రస్తుల చర్మం కిందనున్న కొవ్వు పొరలోనికి రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులినును పంపించే, బ్యాటరీతో నడిచే చిన్న పరికరం. దీనిని ఎక్కువగా మొదటి రకం మధుమేహం, అనగా టైప్ 1 డయాబెటిస్ ఉన్నవారు వాడతారు. అరచేతిలో ఇమిడిపోయే ఈ పరికరాన్ని నడుముకు తగిలించుకొనో, జేబులో పెట్టుకొనో, కొన్ని నమూనాలలో నేరుగా చర్మానికి అతికించుకొనో ఇరవైనాలుగు గంటలూ ధరిస్తారు.

పంపు అనగానే అది రక్తంలోని చక్కెరను తానే కొలిచి, తానే సరిచేసే యంత్రమని చాలామంది భావిస్తారు. మామూలు పంపు అటువంటిది కాదు. దానికి రక్తంలో చక్కెర ఎంత ఉన్నదీ తెలియదు, తిన్నదేమిటో తెలియదు. చెప్పిన వేళకు చెప్పినంత మందును పంపడమే దాని పని. సెన్సరుతో జత కూడిన కొత్త పంపులు కొంతవరకు స్వయంగా నిర్ణయించుకోగలవు గాని, వాటికి కూడా మనిషి పర్యవేక్షణ తప్పనిసరి.

నేపథ్యం

క్లోమ గ్రంథిలోని లాంగర్‌హాన్స్ పుటికలలో ఉండే బీటా కణాలు ఇన్సులినును తయారుచేస్తాయి. మొదటి రకం మధుమేహంలో శరీరపు రక్షణ వ్యవస్థ ఈ కణాలను పరాయివిగా పొరబడి నాశనం చేస్తుంది. ఇన్సులిన్ లేనిదే కణాలు గ్లూకోజును సరిగా వినియోగించుకోలేవు. రక్తంలో చక్కెర పెరిగిపోతుంది, శరీరం కొవ్వును విపరీతంగా కరిగించుకొంటుంది, ఆ క్రమంలో పుట్టిన కీటోన్లు రక్తాన్ని ఆమ్లభరితం చేస్తాయి. కీటోఅసిడోసిస్ అనే ఈ స్థితికి చికిత్స చేయకపోతే మరణం సంభవిస్తుంది. 1921లో టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఇన్సులినును వేరుచేయగా, 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలునికి దానిని మొదటిసారిగా ఇచ్చారు. అంతకు పూర్వం ఈ వ్యాధి సోకిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు.

ఆరోగ్యవంతుని క్లోమం రెండు విధాలుగా ఇన్సులినును విడుదల చేస్తుంది. తిన్నా తినకపోయినా నిరంతరం సన్నని ధారగా వచ్చేది ఒకటి. భోజనం చేయగానే ఒక్కసారిగా పెరిగి వచ్చేది రెండవది. సూదిమందుతో ఈ రెండింటినీ అనుకరించడానికి రోజుకు ఒకటి లేక రెండుసార్లు చాలాసేపు పనిచేసే ఇన్సులినును, ప్రతి భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఇన్సులినును తీసుకోవాలి. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఉదయం వేసుకొన్న దీర్ఘకాలిక ఇన్సులినును మధ్యాహ్నం వెనక్కు తీసుకోవడం సాధ్యం కాదు. ఆ సాయంత్రం పిల్లవాడు రెండు గంటలు కబడ్డీ ఆడినా, జ్వరంతో మంచాన పడుకొన్నా ఆ మందు ఒకే తీరున పనిచేస్తుంది. పంపు ప్రధానంగా ఈ చిక్కును తీర్చడానికి పుట్టినది.

పనిచేసే విధానం

పంపులో మందు నింపే గొట్టం, దానిని కొద్దికొద్దిగా నెట్టే మోటారు, లెక్కలు వేసే చిన్న కంప్యూటరు ఉంటాయి. మందు గొట్టంలో సాధారణంగా 180 నుండి 300 యూనిట్ల ఇన్సులిన్ పడుతుంది. దానినుండి సన్నని ప్లాస్టిక్ నాళం బయలుదేరి, చర్మం కింద అమర్చిన కాన్యులా వరకు వస్తుంది. కాన్యులా అంటే ఆరు నుండి తొమ్మిది మిల్లీమీటర్ల పొడవుండే మెత్తని గొట్టం. సూది సాయంతో దానిని లోపలికి దించి, సూదిని తీసివేస్తారు. కొందరికి ఈ మెత్తని గొట్టం లోపల మడత పడుతూ ఉంటుంది, అటువంటివారు సన్నని ఉక్కు సూది ఉన్న రకాన్ని వాడతారు. నాళం లేకుండా, మందు గొట్టమూ మోటారూ కాన్యులా అన్నీ ఒకే డబ్బీలో ఉండి చర్మానికి అతుక్కొనే పంపులు కూడా ఉన్నాయి. వీటిలో మొదటిదైన ఆమ్నిపాడ్‌కు అమెరికాలో 2005లో అనుమతి లభించింది.

పంపులో త్వరగా పనిచేసే ఇన్సులినును మాత్రమే నింపుతారు. మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే మందులో ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరవ వంతు. పంపు ఒక యూనిట్‌లో ఇరవయ్యవ వంతును, కొన్ని నమూనాలలో నలభయ్యవ వంతును కూడా కొలిచి పంపగలదు. చేతితో సిరంజిలోనికి ఇంత తక్కువ మందును తీయడం అసాధ్యం. రోజుకు ఐదారు యూనిట్లు మాత్రమే అవసరమయ్యే పసిపిల్లల విషయంలో పంపునకు ఉన్న గొప్ప అనుకూలత ఇదే.

నిరంతరంగా సాగే ధారను బేసల్ అంటారు. దీనిని గంటగంటకు వేర్వేరుగా నిర్ణయించవచ్చు. తెల్లవారుజామున కొన్ని హార్మోనుల ప్రభావం వలన చాలామందికి ఏమీ తినకుండానే చక్కెర పెరుగుతుంది. అటువంటివారికి తెల్లవారుజామున మూడు గంటల నుండి ధారను పెంచి, ఎనిమిది గంటలకు తగ్గించేటట్లు అమర్చుకోవచ్చు. భోజనానికి, లేదా పెరిగిన చక్కెరను తగ్గించడానికి, మీట నొక్కి ఇచ్చుకొనే మోతాదును బోలస్ అంటారు.

సూదుల నుండి పంపునకు మారేటప్పుడు రోజు మొత్తం మోతాదును సాధారణంగా కొంత తగ్గిస్తారు. ఉదాహరణకు సూదులతో రోజుకు 50 యూనిట్లు వాడుతున్న వ్యక్తికి ఐదవ వంతు తగ్గించి 40 యూనిట్లతో మొదలుపెట్టారని అనుకొందాము. అందులో సగం, అంటే 20 యూనిట్లు బేసల్. దానిని 24 గంటలకు పంచితే గంటకు సుమారు 0.83 యూనిట్ వస్తుంది. మిగిలిన సగం భోజనాలకు. ఒక యూనిట్ ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుందో అంచనా వేయడానికి 500ను రోజు మోతాదుతో భాగిస్తారు. ఇక్కడ 500ను 40తో భాగిస్తే 12.5 గ్రాములు. ఒక యూనిట్ చక్కెరను ఎంత తగ్గిస్తుందో తెలుసుకోవడానికి 1800ను భాగిస్తారు. అది డెసిలీటరుకు 45 మిల్లీగ్రాములు.

ఇప్పుడు ఆ వ్యక్తి 200 గ్రాముల అన్నం తినబోతున్నాడు. వండిన తెల్ల అన్నంలో నూటికి సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి మొత్తం 56 గ్రాములు. దానికి 4.5 యూనిట్లు కావాలి. భోజనానికి ముందు చక్కెర 210 ఉన్నది, ఉండవలసినది 120 అనుకొంటే, ఆ అదనపు 90ని దించడానికి మరో 2 యూనిట్లు. వెరసి 6.5. అయితే రెండు గంటల క్రితం తిన్న ఉపాహారానికి వేసుకొన్న మందులో ఇంకా ఒక యూనిట్ శరీరంలో పనిచేస్తూ ఉండవచ్చు. పంపు ఆ లెక్కను గుర్తుపెట్టుకొని, దానిని మినహాయించి 5.5 యూనిట్లు సూచిస్తుంది. సూదులతో చికిత్స పొందేవారు ఈ మిగులును మరచిపోయి, మందు మీద మందు వేసుకొని, చక్కెర పడిపోయి స్పృహ తప్పడం తరచుగా జరిగే ప్రమాదం. పైన చెప్పిన 500, 1800 అంకెలు ఆరంభపు అంచనాలు మాత్రమే. అసలు నిష్పత్తులు మనిషి మనిషికీ, ఒకే మనిషికి పూట పూటకీ మారతాయి, వాటిని వైద్యుడే నిర్ణయించాలి.

చరిత్ర

1960వ దశకం తొలి సంవత్సరాలలో లాస్ ఏంజలెస్‌కు చెందిన ఆర్నల్డ్ కడిష్ అనే వైద్యుడు వీపున మోయవలసినంత పెద్ద పరికరాన్ని రూపొందించాడు. అది నిత్య వినియోగానికి పనికివచ్చేది కాదు. 1970వ దశకంలో డీన్ కామెన్, తరువాతి కాలంలో సెగ్వే వాహనంతో ప్రసిద్ధుడైన ఆవిష్కర్త, శరీరానికి తగిలించుకోగల సిరంజి పంపును తయారుచేశాడు. 1978లో లండన్ నగరంలోని గైస్ ఆసుపత్రికి చెందిన జాన్ పికప్, హారీ కీన్ బృందం చర్మం కిందికి నిరంతరంగా ఇన్సులినును పంపే పద్ధతిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించింది. మరుసటి సంవత్సరమే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం టాంబర్లేన్ బృందం ఇటువంటి ఫలితాలనే వెల్లడించింది. 1983లో మినీమెడ్ సంస్థ తన తొలి పంపును విపణిలోనికి తెచ్చింది. ఆ సంస్థను 2001లో మెడ్‌ట్రానిక్ కొనుగోలు చేసింది.

పంపుల వ్యాప్తికి ఊతమిచ్చినది పంపుల మీద జరిగిన పరిశోధన కాదు. 1983 నుండి 1993 వరకు అమెరికా, కెనడాలలో 1,441 మంది మొదటి రకం మధుమేహ రోగుల మీద డీసీసీటీ అనే ప్రయోగం జరిగినది. రోజుకు మూడు లేక అంతకన్న ఎక్కువ సూదులతో గాని, పంపుతో గాని చక్కెరను కట్టుదిట్టంగా అదుపులో ఉంచినవారిలో, కంటి రెటీనా దెబ్బతినడం మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గినదని తేలింది. మూత్రపిండాలు, నరాలకు జరిగే హాని కూడా బాగా తగ్గింది. అయితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మాత్రం సుమారు మూడు రెట్లు పెరిగింది. చక్కెరను అదుపులో ఉంచాలి, కాని పడిపోనివ్వకూడదు అనే ద్వంద్వ సమస్య అప్పటినుండి ఈ చికిత్స అంతటికీ కేంద్రమైనది.

నిల్వ లేని చికిత్స

పంపు వాడకంలో అన్నిటికన్న ముఖ్యంగా తెలుసుకోవలసినది ఇది. సూదులు వాడేవారి చర్మం కింద దీర్ఘకాలిక ఇన్సులిన్ కొంత ఎప్పుడూ నిల్వ ఉంటుంది. ఒక పూట మందు మరచిపోయినా ఆ నిల్వ కొంతసేపు కాపాడుతుంది. పంపు వాడేవారికి ఆ నిల్వ లేదు. వారి శరీరంలో ఉన్నది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే మందు మాత్రమే. ధారను ఎప్పటికప్పుడు తగ్గించే వీలు కలిగేది ఈ లక్షణం వల్లనే. ధార ఆగితే ప్రాణం మీదికి వచ్చేది కూడా దీనివల్లనే.

కాన్యులా మడత పడటం, ఊడిపోవడం, నాళంలో గాలి బుడగ చేరటం, అతుకు దగ్గర మందు కారిపోవడం, ఇవన్నీ సామాన్యంగా జరిగేవే. దారి మూసుకుపోతే పంపు హెచ్చరిక ధ్వని చేస్తుంది, నిజమే. కాని గంటకు అర యూనిట్ కూడా లేని సన్నని ధారలో ఒత్తిడి పెరిగి ఆ ధ్వని రావడానికి గంటలు పట్టవచ్చు. మందు చర్మం పైకి కారిపోతూ ఉంటే హెచ్చరిక అసలు రాదు, ఎందుకంటే పంపు దృష్టిలో మందు సాఫీగానే వెళుతున్నది. అటువంటప్పుడు అనుభవజ్ఞులు ముక్కుతో పసిగడతారు. ఇన్సులినులో నిల్వ కోసం కలిపే ఫినాల్, క్రెసాల్ పదార్థాలకు ఆసుపత్రిని గుర్తుకుతెచ్చే ఘాటైన వాసన ఉంటుంది.

ధార ఆగిన కొద్ది గంటలకే కీటోన్లు పెరగడం ప్రారంభమవుతుంది. రాత్రి పదకొండు గంటలకు కాన్యులా ఊడిపోయి, ఎవరూ గమనించకపోతే, తెల్లవారేసరికి ఆ పిల్లవాడు వాంతులతో, ఆయాసంతో లేవవచ్చు. దానిని అజీర్తి అనుకొని కాలయాపన చేయడం వల్లనే పరిస్థితి విషమిస్తుంది. అందువలన పంపు వాడేవారికి మొట్టమొదట నేర్పవలసిన నియమం ఒకటి ఉన్నది. కారణం తెలియకుండా చక్కెర 250 దాటి, పంపుతో సరిదిద్దినా దిగకపోతే, పంపును నమ్మకూడదు. కీటోన్లను పరీక్షించి, సిరంజితో గాని పెన్నుతో గాని ఇన్సులిన్ వేసుకొని, ఆ తరువాత కాన్యులాను, నాళాన్ని కొత్తవి మార్చాలి. రక్తంలో కీటోన్లు లీటరుకు 0.6 మిల్లీమోల్ దాటితే పెరిగినట్లు. 1.5 దాటితే ప్రమాద సూచన. 3 దాటినా, వాంతులు ఆగకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి.

పంపు ఉన్న ఇంట్లో సిరంజిలు, దీర్ఘకాలిక ఇన్సులిన్ బుడ్డి ఒకటి, వేసుకోవలసిన మోతాదులు రాసిన కాగితం ఎప్పుడూ ఉండాలని వైద్యులు చెప్పేది ఇందుకే. పంపు వచ్చిన రెండు మూడేళ్ళకు చాలా ఇళ్ళలో సిరంజి పట్టుకోవడమే మరచిపోతారు. కాలం చెల్లిన ఇన్సులిన్ బుడ్డి ఫ్రిజ్‌లో ఒక మూల పడి ఉంటుంది. పంపు పాడైన రోజున ఆ లోటు బయటపడుతుంది.

ప్రయోజనం ఎంత?

పంపు మొదటిసారి చూసినవారికి అది సూదికన్న మేలైన చికిత్సేనని అనిపిస్తుంది. పరిశోధనలు ఇంత సూటిగా చెప్పవు. ఇంగ్లండు, స్కాట్లండులలో జరిగి 2017లో ప్రచురితమైన రిపోజ్ అనే ప్రయోగంలో, వయోజనులను రెండు జట్లుగా చేసి ఇరువురికీ ఒకే రకమైన శిక్షణ ఇచ్చారు. ఒక జట్టుకు పంపు, రెండవ జట్టుకు సూదులు. రెండేళ్ళ తరువాత రెండు జట్లలోనూ చక్కెర అదుపు మెరుగుపడింది. జట్ల మధ్య చెప్పుకోదగినంత తేడా మాత్రం కనిపించలేదు. కొత్తగా వ్యాధి బయటపడిన పిల్లల మీద ఇంగ్లండు, వేల్స్‌లలో జరిగి 2019లో వెలువడిన సిపి ప్రయోగం కూడా, మొదటి ఏడాదిలో పంపు సూదులకన్న మెరుగని చూపలేకపోయినది. పంపు ఇస్తే బాగుపడినట్లు కనిపించిన వారిలో చాలామంది, పంపుతో పాటు వచ్చిన శిక్షణ వలన బాగుపడి ఉండవచ్చునని ఈ ఫలితాలు సూచిస్తాయి. ఆహారంలోని పిండిపదార్థాన్ని లెక్కించడం రానివారికి ఖరీదైన పంపు చేయగలిగినది స్వల్పమే.

అయినా కొందరికి పంపు అవసరం స్పష్టంగా ఉంటుంది. తరచుగా చక్కెర పడిపోయేవారు, పడిపోతున్నా ఆ లక్షణాలు తెలియనివారు, తెల్లవారుజామున చక్కెర బాగా పెరిగేవారు, అతి తక్కువ మోతాదులు కావలసిన పసిపిల్లలు, గర్భం దాల్చదలచిన స్త్రీలు, వేళకు తినడం కుదరని ఉద్యోగాలు చేసేవారు ఈ కోవలోకి వస్తారు.

సెన్సరుతో జత కూడిన పంపులు

పంపు చరిత్రలో అసలైన మలుపు గ్లూకోజ్ సెన్సరు. చర్మం కింద అమర్చిన సన్నని తీగ కణాల మధ్య ద్రవంలోని గ్లూకోజును సుమారు ఐదు నిమిషాలకు ఒకసారి కొలిచి పంపునకు తెలుపుతుంది. ముందుగా, చక్కెర పడిపోతే ధారను ఆపే పంపులు వచ్చాయి. అటువంటిదైన 530జి పంపునకు 2013లో అమెరికాలో అనుమతి లభించింది. ధారను తానే పెంచుతూ తగ్గిస్తూ ఉండే మొదటి పంపు 670జి కి 2016లో అనుమతి వచ్చింది. ఈ రకాన్ని హైబ్రిడ్ క్లోజ్డ్ లూప్ అంటారు. బేసల్‌ను యంత్రం చూసుకొంటుంది, భోజనం సంగతి మాత్రం మనిషి చెప్పాలి కాబట్టి ఈ పేరు.

కంపెనీలకన్న ముందే రోగులు ఈ దారి పట్టారు. సియాటిల్ నగరానికి చెందిన డానా లూయిస్, తనకున్న మొదటి రకం మధుమేహం కోసం సహచరులతో కలసి తయారుచేసుకొన్న స్వయంచాలక వ్యవస్థను 2015లో ఓపెన్ఏపీఎస్ అనే పేరుతో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. ప్రపంచవ్యాప్తంగా ఎందరో తల్లిదండ్రులు, రోగులు పాత పంపులకు దానిని జతచేసుకొన్నారు. వ్యక్తులు తమ బాధ్యత మీద చేసుకొనే ఈ పద్ధతికి అనుమతులు లేకపోయినా, తరువాతి పరిశోధనలకు ఇది ఎంతో స్ఫూర్తినిచ్చింది. ఇటువంటి కృషి నుండే పుట్టిన టైడ్‌పూల్ లూప్ 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందింది.

ఇటువంటి పంపుల ఫలితాలను కొలవడానికి, చక్కెర 70, 180 మధ్య రోజులో ఎంత శాతం కాలం ఉన్నదీ చూస్తారు. 70 శాతం దాటితే మంచిదని 2019లో అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించారు. అదే ఏడాది ప్రచురితమైన ఒక అమెరికా ప్రయోగంలో 168 మంది పాల్గొన్నారు. కంట్రోల్-ఐక్యూ అనే వ్యవస్థను ఆరు నెలలు వాడినవారిలో ఇది 61 నుండి 71 శాతానికి పెరిగింది. సెన్సరు ఉన్నా స్వయంచాలకం కాని పంపు వాడినవారిలో 59 శాతం దగ్గరే నిలిచిపోయింది. ఈ తేడా రోజుకు సుమారు రెండున్నర గంటలు. రాత్రివేళ ఈ మేలు ఎక్కువగా కనిపిస్తుంది. రాత్రి రెండింటికి లేచి నిద్రపోతున్న బిడ్డ వేలు పొడిచి చూసుకొనే తల్లిదండ్రులకు ఈ శాతాల అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో బ్రిటన్ లోని నైస్ సంస్థ ఈ రకం పంపులను ప్రభుత్వ వైద్య సేవ ద్వారా ఇవ్వాలని సిఫారసు చేసింది.

సెన్సరుకు కూడా పరిమితులు ఉన్నాయి. అది కొలిచేది రక్తం కాదు కాబట్టి చక్కెర వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనుకబడుతుంది. సెన్సరు ఉన్న పక్కకు ఒత్తిగిలి పడుకొంటే లేని తగ్గుదలను చూపుతుంది. కొన్ని రకాల సెన్సర్లు పారాసిటమాల్ వేసుకొన్నప్పుడు ఉన్నదానికన్న ఎక్కువ చక్కెరను చూపుతాయి. ఆ తప్పుడు అంకెను నమ్మి స్వయంచాలక పంపు అదనంగా ఇన్సులిన్ ఇచ్చే అవకాశం ఉన్నది. జ్వరం వస్తే ముందుగా ఆ మాత్రే వేసే మన ఇళ్ళలో ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం.

ఎంపిక

పంపును ఎంచుకొనేటప్పుడు తెర రంగు, పరిమాణం వంటివి ముందుగా కంటికి కనిపిస్తాయి. నిజానికి చూడవలసినవి వేరు. పంపు ధర ఒక్కసారి చెల్లించేది. కాన్యులాలు, మందు గొట్టాలు, సెన్సర్ల ఖర్చు పంపు ఉన్నంతకాలం ఉంటుంది. కాన్యులాను రెండు మూడు రోజులకు ఒకసారి మార్చాలి కాబట్టి నెలకు పది నుండి పదిహేను వరకు కావాలి. ఏడు రోజుల వరకు ఉంచదగిన రకాలు కూడా ఇటీవల వచ్చాయి. సెన్సర్లు రకాన్ని బట్టి వారం నుండి రెండు వారాలు పనిచేస్తాయి, అంతకన్న ఎక్కువ మన్నేవి కూడా ఉన్నాయి. ఈ సామగ్రి సాధారణంగా ఒక కంపెనీది మరొక కంపెనీ పంపునకు పనికిరాదు. డబ్బు చాలక కాన్యులాను ఐదారు రోజులు లాగితే, ఆ చోట వాపు, చీము చేరడమే కాక మందు సరిగా ఇంకదు. అటువంటి పరిస్థితిలో, ఖర్చు భరించగలిగిన సూదుల చికిత్సే పంపుకన్న క్షేమం.

మందు గొట్టం పరిమాణం చిన్న విషయంగా కనిపించినా, రోజుకు 80 యూనిట్లు వాడే వ్యక్తికి 180 యూనిట్ల గొట్టం మూడు రోజులు రాదు. పసిపిల్లలకు కనీస ధార ఎంత తక్కువగా ఉండగలదో చూడాలి. స్వయంచాలక పంపు అయితే దానితో ఏ సెన్సరు పనిచేస్తుంది, ఎంత వయసు నుండి అనుమతి ఉన్నది అన్నవి తెలుసుకోవాలి.

కంపెనీ నిలకడ కూడా లెక్కలోనిదే. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన అనిమాస్ 2017లో పంపుల వ్యాపారం నుండి తప్పుకొన్నది. అప్పటికి వేలాదిమంది దాని పంపులు వాడుతూ, వేరే పంపునకు మారవలసి వచ్చింది. ఒక దేశంలో పంపు తీసుకొని మరొక దేశానికి తరలివెళ్ళేవారికి ఇదే ఇబ్బంది వేరొక రూపంలో ఎదురవుతుంది. అమెరికాలో పంపు పెట్టించుకొని హైదరాబాదుకో, విశాఖపట్నానికో తిరిగివచ్చే కుటుంబాలు, ఆ నమూనా సామగ్రి ఇక్కడ దొరుకుతుందో లేదో బయలుదేరే ముందే విచారించుకోవాలి.

నిత్యజీవితం

కాన్యులాను పొట్ట, తొడ, పిరుదులు, భుజం వెనుక భాగాలలో పెడతారు. బొడ్డుకు రెండు అంగుళాల దూరం వదలాలి. ఒకే చోట మళ్ళీ మళ్ళీ పెడితే ఆ భాగంలో కొవ్వు గడ్డకట్టి మందు ఇంకడం తగ్గుతుంది. నొప్పి లేదని పిల్లలు ఆ గడ్డల మీదనే పెట్టమంటారు కాబట్టి పెద్దలు గమనిస్తూ ఉండాలి. కాన్యులాను పడుకొనే ముందు మార్చకూడదు. మార్చిన రెండు మూడు గంటలలో చక్కెర చూస్తేనే అది సరిగా కూర్చున్నదో లేదో తెలుస్తుంది. కొత్త నాళాన్ని మందుతో నింపేటప్పుడు అది శరీరానికి తగిలించి ఉండకూడదు. ఈ ఒక్క పొరపాటుతో ఎన్నో యూనిట్లు ఒకేసారి లోనికి పోయి ప్రాణాపాయం కలుగుతుంది.

స్నానానికి, ఈతకు పంపును కొద్దిసేపు తీసివేయవచ్చు. సాధారణంగా గంట, మహా అయితే రెండు గంటలకు మించి తీసి ఉంచరాదు. ఎం.ఆర్.ఐ. పరీక్ష గదిలోనికి పంపును తీసుకుపోకూడదు.

ఆహారం విషయంలో పంపు ఇచ్చే స్వేచ్ఛ నిజమైనదే, అయితే లెక్కకు లోబడినది. ఇడ్లీ వంటివి తిన్న కొద్దిసేపటికే చక్కెరను పెంచుతాయి. బిర్యానీలోని నూనె, నెయ్యి, మాంసం అన్నం జీర్ణమవడాన్ని ఆలస్యం చేస్తాయి. మొత్తం మోతాదును ముందే ఇస్తే మొదట చక్కెర పడిపోయి, అర్ధరాత్రి పెరుగుతుంది. అటువంటప్పుడు మోతాదులో కొంత భాగాన్ని వెంటనే, మిగిలినదానిని రెండు మూడు గంటలపాటు పరచి ఇచ్చే సౌకర్యం చాలా పంపులలో ఉన్నది. పెళ్ళి పంక్తిలో ఏ పదార్థం ఎంత వడ్డిస్తారో ముందు తెలియదు. అక్కడ వడ్డనను బట్టి రెండు మూడు విడతలుగా మందు ఇచ్చుకోవడం సూదితో కష్టం, పంపుతో తేలిక.

చక్కెర 70కి దిగువకు పడిపోతే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకొని పావుగంట తరువాత మళ్ళీ చూడటం సాధారణ నియమం. స్వయంచాలక పంపు వాడేవారిలో అప్పటికే ధార తగ్గి ఉంటుంది కాబట్టి చాలాసార్లు 5 నుండి 10 గ్రాములు సరిపోతుంది. భయంతో ఎక్కువ తింటే పంపు ఆ పెరుగుదలకు మళ్ళీ మందు ఇచ్చి, చక్కెర పైకి కిందికి ఊగుతుంది. ఆటలకు, వ్యాయామానికి ఒకటి రెండు గంటల ముందే పంపునకు తెలియజేయాలి. ఆట మొదలైన తరువాత ధారను తగ్గిస్తే, అప్పటికే చర్మం కింద ఉన్న మందు పనిచేస్తూనే ఉంటుంది.

ఎండ ఇన్సులినుకు శత్రువు. పంపులోని మందు 37 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి గురైతే దానిని పారవేయాలి. విజయవాడ, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను సమీపిస్తుంది. పంపును పలుచని బట్టల కింద ఎండ తగలకుండా ఉంచుకోవడం, ఆగి ఉన్న కారులో మందును వదలకపోవడం, ఆ కాలంలో మందు గొట్టంలో తక్కువ నింపి త్వరగా మార్చడం మేలు. చెమటకు అతుకు ఊడటం కూడా వేసవి సమస్యే.

ఎప్పుడూ ఒంటికి ఒక యంత్రం వేలాడుతూ ఉండటాన్ని అందరూ ఒకే తీరున తీసుకోరు. కొందరికి అది ధైర్యం, కొందరికి తమ జబ్బును లోకానికి చాటే గుర్తు. కౌమారంలో ఉన్న ఆడపిల్లలు, పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇళ్ళలోనివారు దానిని దాచడానికి పడే అవస్థ చికిత్స మీద ప్రభావం చూపుతుంది. హెచ్చరిక ధ్వనులతో విసుగెత్తి వాటిని ఆపివేసుకొనేవారు ఉన్నారు. పంపును వద్దనుకొని తిరిగి సూదులకు వెళ్ళడం ఓటమి కాదు, కొందరు వేసవి సెలవులకో, కొన్ని నెలలకో అలా వెళ్ళి మళ్ళీ పంపునకు వస్తారు కూడా.

భారతదేశంలో

భారతదేశంలో పంపు ధర నమూనాను బట్టి లక్షల రూపాయలలో, నెలవారీ సామగ్రి ఖర్చు వేలలో ఉంటుంది. పాశ్చాత్య దేశాలలో దొరికే నమూనాలన్నీ ఇక్కడ దొరకవు. ఆసుపత్రిలో చేరితే తప్ప ఖర్చు ఇవ్వని ఆరోగ్య బీమా పాలసీలే ఎక్కువ కాబట్టి, ఇంట్లో వాడే ఈ సామగ్రి భారం సాధారణంగా కుటుంబం మీదనే పడుతుంది. మొదటి రకం మధుమేహం చికిత్సకు భారత వైద్య పరిశోధన మండలి 2022లో మార్గదర్శకాలను విడుదల చేసింది.

బడికి వెళ్ళే పిల్లల విషయంలో ఉపాధ్యాయులకు కనీసం మూడు సంగతులు తెలిసి ఉండాలి. పంపు ఫోను కాదని, తరగతిలో తీసివేయమనకూడదని ఒకటి. పిల్లవాడు ఉన్నట్టుండి తడబడినా, చెమట పట్టినా వెంటనే గ్లూకోజ్ ఇవ్వాలని, ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదని రెండు. వాంతి చేసుకొంటే అజీర్తి అనుకోక ఇంటికి ఫోను చేయాలని మూడు. కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి 2017లో మొదటి రకం మధుమేహం ఉన్న విద్యార్థులను పరీక్ష గదిలోనికి తినుబండారాలు తీసుకువెళ్ళడానికి అనుమతించింది.